స్తంభం, సూచి, ఉష్ణీషం: స్తూపవేదికలో వడ్రంగి కూసం

 

సుత్తాలను గురించి, సంఘచరిత్రను గురించి మాకంటె అధికారంతో మాట్లాడగల పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. మేము మాట్లాడదలచినది ఒక అతుకును గురించి. మేకు లేకుండా, జిగురు లేకుండా ఒక కొయ్యను మరొక కొయ్యలో దూర్చి నిలబెట్టే వడ్రంగి అతుకు అది. బౌద్ధసభలో ఇదేమి ప్రసంగమని కొందరికి తోచవచ్చు. కాని మనం ఇప్పుడు కూర్చున్న ఈ అరుగును వేదిక అంటున్నామే, ఆ మాటకు బౌద్ధవాస్తువులో వేరొక అర్థం ఉన్నది. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే దారికి హద్దుగా నిలిపిన కంచెను వేదిక అన్నారు. సాంచిలో, భర్హుత్‌లో, మన అమరావతిలో ఆ కంచె రాతిది. దాని అతుకు మాత్రం కొయ్యది. కొయ్య అతుకు రాతిలోకి ఎందుకు వచ్చింది, అక్కడ ఎవరిని ఎవరితో కలిపింది, తరువాత ఎట్లా విడిపోయింది అన్నది చెప్పుకోవలసిన కథ.

ముందుగా పనిని చూద్దాం. తలుపు చట్రాన్ని తీసుకోండి. అడ్డకమ్మి కొనను రెండు పక్కలా రంపంతో కోసి, నడుమ నాలుకవంటి భాగాన్ని మిగులుస్తారు. అదే కూసం, కొన్ని చోట్ల కుసి అంటారు. నిలువు కమ్మిలో ఉలితో, కొడతితో దానికి సరిపడే బెజ్జం తొలుస్తారు. కూసం మందం నిలువు కమ్మి మందంలో మూడవ వంతు ఉండాలన్నది వడ్రంగంలో చిరకాలంగా నిలిచిన లెక్క. కూసం అంతకంటె లావైతే బెజ్జం గోడలు పలచబడి పగులుతాయి. మరీ సన్నమైతే కూసమే విరుగుతుంది. ఎవరి బలం కోసం ఎవరి బలాన్ని ఎంతవరకు తగ్గించవచ్చునో చెప్పే లెక్క ఇది. కూసం మొదట్లో రెండు పక్కలా మిగిలే మెట్టును భుజం అందాం. చట్రం మెలితిరగకుండా ఆపేది ఆ భుజమే. చూసేవారికి కూసం కనిపించదు, భుజం కలిసిన సన్నని గీత ఒక్కటే కనిపిస్తుంది.

కోసిన తరువాత కూడా కొయ్య కదలిక మానదు. వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. ఇనుప మేకు దిగిన చోట ఆ కదలికకు తావు లేక కొయ్య చీలుతుంది, మేకు తుప్పు పట్టి చుట్టూ ఉన్న కొయ్యను నలుపు చేస్తుంది. కూసం, బెజ్జం రెండూ కొయ్యే కనుక ఆ కదలికను తట్టుకుంటాయి. ఊడిరాకుండా ఉండటానికి అడ్డంగా ఒక కొయ్య చీలను దిగగొడతారు. అక్కడ నేర్పరి వడ్రంగి చేసే చిన్న ఉపాయం ఒకటి ఉన్నది. బెజ్జం గోడలలోని రంధ్రానికి ఎదురుగా కాక, కూసంలోని రంధ్రాన్ని భుజం వైపు పిసరంత జరిపి వేస్తాడు. చీల ఆ వంకర దారిలో దూరుతూ కూసాన్ని లోపలికి లాగి, భుజాన్ని నిలువు కమ్మికి బిగిస్తుంది. ఇక జిగురుతో పని లేదు. ఎప్పుడైనా విప్పవలసి వస్తే చీలను వెనుకనుంచి తట్టితే చాలు.

ఒక ప్రభుత్వమో, ఒక పెద్ద కుటుంబమో కూలిపోయే స్థితికి వస్తే కూసాలు కదిలిపోయాయి అంటాం. దూలాలు విరిగాయి అనం. కమ్మీలన్నీ గట్టిగా ఉండి కూడా కట్టడం కూలిపోవచ్చునని, చేటు మొదట అతుకులోనే పుడుతుందని ఆ మాట పుట్టించినవారికి తెలుసు.

బుద్ధవచనానికి వడ్రంగిపని కొత్తది కాదు. మజ్ఝిమనికాయంలోని వితక్కసంఠాన సుత్తంలో, చెడు తలపును మంచి తలపుతో తొలగించడానికి తథాగతుడు ఇచ్చిన ఉపమానం వడ్రంగిదే: నేర్పరి వడ్రంగి సన్నని చీలతో మోటు చీలను తట్టి బయటికి పంపినట్లు అని. ఈ ఉపమానం చెప్పినవాడు పనివాని చేతిని దగ్గరగా చూచి ఉండాలి. సంయుత్తనికాయంలో మరొకటి ఉన్నది. బాడిస పిడి మీద వడ్రంగి వేళ్ళ గుర్తులు పడతాయి. ఈ రోజు ఎంత అరిగింది, నిన్న ఎంత అరిగింది అని అతడు చెప్పలేడు. కాని అరిగిన తరువాత అరిగిందని తెలుస్తుంది. సాధకుని మలినాలు క్షయించడం కూడా అటువంటిదే అన్నాడు.

అలీనచిత్త జాతకం వడ్రంగుల ఊరితో మొదలవుతుంది. వారణాసికి దగ్గరలో ఒక ఊరిలో ఐదు వందల మంది వడ్రంగులు ఉండేవారట. పడవలో ఏటికి ఎదురుగా అడవిలోకి వెళ్ళి, అక్కడే ఇళ్ళకు కావలసిన కమ్మీలు, పలకలు చెక్కి, ఒక అంతస్తు, రెండంతస్తుల ఇళ్ళ చట్రాలు అమర్చి, ప్రధాన స్తంభం మొదలుకొని అన్ని భాగాలకూ గుర్తులు వేసి, పడవకెక్కించి నగరానికి తెచ్చి, అడిగినవారికి ఇల్లు నిలబెట్టేవారట. ఆ తరువాత ఏనుగు కాలిలో ముల్లు, కృతజ్ఞత, రాజ్యరక్షణ అంటూ కథ వేరే దారి పడుతుంది. ఆ కథను మన పిల్లలకు చెప్పేటప్పుడు అందరూ ఏనుగు దగ్గరకు తొందరపడి వెళ్ళిపోతారు. ఆ గుర్తుల దగ్గర ఒక్క క్షణం ఆగవలసింది. ఒకచోట చెక్కిన కూసం మరొకచోట తన బెజ్జంలోకి సరిగ్గా వెళ్ళాలంటే ప్రతి ముక్కకూ తన చోటు తెలియాలి. అతుకుల మీద అంత నమ్మకం లేని పనివాళ్ళు ఇంటిని ముక్కలుగా పడవకెక్కించరు.

ఆ పనివానికి పాలిలో పేరు వడ్ఢకి. మన వడ్లంగి, వడ్రంగి అన్న మాటలలో ఆ ధ్వని వినిపించడం లేదా? మహారాష్ట్రలో కార్లా చైత్యగుహ ముఖద్వారం దగ్గర ఒక ప్రాకృత శాసనం ఉన్నది. ధేనుకాకటం అనే ఊరికి చెందిన వడ్ఢకి సామి, వేణువాసుని కుమారుడు, ఆ ముఖద్వారాన్ని చేయించినట్లు అది చెబుతుంది. ఒక వడ్రంగి తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, వృత్తి పేరు చెప్పుకొని ధమ్మానికి వాకిలి కట్టించాడు. అదే గుహలో లోపలికి వెళ్ళి తలెత్తి చూడండి. రాతి కప్పుకు కింద టేకు కొయ్య వాసాలు వంపు తిరిగి ఉంటాయి. భాజా గుహలోనూ కొయ్య వాసాలు మిగిలాయి. కొండను తొలిచిన కప్పుకు వాసాల ఆధారం అక్కరలేదు. అయినా అమర్చారు. మొదటి చైత్యగృహాలు కొయ్యతో కట్టినవి కనుక, ధమ్మం విన్న ఇల్లు ఎట్లా ఉండేదో వారి కళ్ళకు ఆ రూపమే తెలుసు.

ఇక వేదికకు వద్దాం. నిలువు స్తంభాలు, వాటి మధ్య మూడు అడ్డకమ్మీలు, పైన పొడుగునా తలకమ్మి. అడ్డకమ్మికి శాసనాలలో పేరు సూచి. సూచి అంటే సూది. సూది గుడ్డలో దూరినట్లు స్తంభంలో దూరుతుంది కనుక ఆ పేరు. తలకమ్మికి పేరు ఉష్ణీషం, అంటే తలపాగా. స్తంభం రెండు పక్కముఖాలలో మూడేసి బెజ్జాలు తొలిచి ఉంటాయి. సూచి అడ్డుకోత గుండ్రంగా ఉండదు. నడుమ ఉబ్బి, పైనా కిందా అంచులు సన్నమై, పప్పుగింజను నిలువునా కోసినట్లు ఉంటుంది. బెజ్జమూ అదే ఆకారం. గుండ్రని కమ్మి గుండ్రని రంధ్రంలో తిరిగిపోతుంది, ఈ ఆకారం తిరగదు. స్తంభం తలమీద ఒక కూసం ఉంటుంది. ఉష్ణీషం అడుగున తొలిచిన బెజ్జం దాని మీద కూర్చుంటుంది.

దీనిని నిలబెట్టే క్రమాన్ని ఒకసారి ఊహించండి. ఒక స్తంభం పాతాలి. మూడు సూచుల కొనలను దాని బెజ్జాలలో పెట్టాలి. వాటి రెండవ కొనలు రెండవ స్తంభంలోకి వెళ్ళేట్లు ఆ స్తంభాన్ని దగ్గరకు జరపాలి. మళ్ళీ మూడు సూచులు, మళ్ళీ స్తంభం. చివరకు ఉష్ణీషాన్ని పైకెత్తి స్తంభాల తలల మీద దింపాలి. అది దిగిన తరువాత మధ్యలో ఉన్న ఒక్క సూచిని ఎవరూ లాగివేయలేరు. దానిని రెండు స్తంభాలు పట్టుకున్నాయి, ఆ స్తంభాలను ఉష్ణీషం పట్టుకున్నది. ఉష్ణీషం తన బరువుతోనే నిలిచి ఉన్నది. పైగా ఇది తిన్నని గోడ కాదు, వలయం. ఒక్కొక్క స్తంభం దగ్గర గోరంత తేడా వచ్చినా, ద్వారం దగ్గరకు చేరేసరికి అది మూరెడవుతుంది. రాయి కొయ్యలాగా సర్దుకోదు కనుక ఆ తప్పును మింగే గుణం దానికి లేదు. సాంచి మహాస్తూపం నేలవేదిక మనిషి ఎత్తుకు దాదాపు రెట్టింపు. అంత బరువైన రాళ్ళను అంత పెద్ద వలయంలో కుదిర్చినవారి కొలత ఎటువంటిదో దీనిని బట్టి తెలుసుకోవచ్చు.

కొందరు కళాచరిత్రకారులు ఈ వేదికను చూచి, పాపం వీరికి రాతిపని అప్పుడప్పుడే వస్తున్నది, కొయ్య అలవాటు వదలలేదు అన్న ధోరణిలో వ్రాశారు. ఈ మాటను మేము అంగీకరించము. వేదికలకు ముందే అశోకుని శిల్పులు ఏకశిలా స్తంభాలు చెక్కి, అద్దంలా మెరుగుపెట్టి, దూరప్రాంతాలకు చేర్చారు. బీహారులోని రాంపూర్వాలో స్తంభానికి, దాని శిఖరానికి మధ్య దిగగొట్టిన రాగి చీల దొరికింది. అంటే లోహంతో రాతిని కలపడం కూడా వారికి తెలుసు. అన్నిటికంటె పెద్ద సాక్ష్యం సారనాథ్‌లో ఉన్నది. అక్కడ మౌర్యుల కాలపు మెరుగుతో చునార్ రాతి వేదిక ఒకటి దొరికింది. దూరం నుంచి చూస్తే స్తంభాలు, సూచులు, ఉష్ణీషం అన్నీ ఉంటాయి. దగ్గరకు వెళితే ఎక్కడా అతుకు లేదు. ఒకే రాతిలో మొత్తం వేదికను చెక్కారు! అతుకు లేకుండా వేదిక చేయడం చేతకాక అతుకులు పెట్టలేదని ఆ ఒక్క రాయి తేల్చి చెబుతున్నది.

మరి సాంచిలో, భర్హుత్‌లో, అమరావతిలో ముక్కలుగా ఎందుకు చేశారు? అంత పెద్ద వలయం ఒక రాతిలో రాదన్నది నిజమే. కాని గోడ కట్టవచ్చును గదా. మా అభిప్రాయంలో, ఇచ్చినవారు ఎవరో చూస్తే సమాధానం దొరుకుతుంది. సారనాథ్ వేదిక ఒక్క రాయి; రాజు వంటి ఒక్క దాతకే సాధ్యమైన పని. సాంచి వేదిక వందల రాళ్ళు. ఆ రాళ్ళ మీద, తోరణాల మీద ఆరు వందలకు మించి దానశాసనాలు ఉన్నాయి. భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు, వర్తకులు, నేతగాళ్ళు, వ్రాయసగాళ్ళు. ఒకచోట ఒక ఊరు ఊరంతా కలిసి ఇచ్చిన దానం. రాజవంశాల ప్రస్తావన బహు అరుదు. దక్షిణ తోరణంలో శాతకర్ణి రాజు పనివారి పెద్ద ఆనందుడు ఇచ్చిన దూలం ఉన్నది, విదిశ దంతపు పనివారు చేసిన శిల్పం ఉన్నది. భర్హుత్‌లో బుద్ధరక్షితుడనే శిల్పి తానే దాత. పగలంతా కూలికి చెక్కి, తన వంతుగా ఒక రాయిని ఇచ్చుకున్నవాడు అతడు.

ఒక సూచి ఒక ఇల్లాలిది, పక్క స్తంభం ఒక వర్తకునిది, పైన ఉష్ణీషం ఒక భిక్షువుది. ముక్కలుగా ఉన్నందువల్లనే స్తోమత కొద్దీ ఇవ్వడానికి వీలయింది. ఒకసారి అమర్చిన తరువాత చిన్న దాత సూచిని తీసివేసి పెద్ద దాత స్తంభాన్ని నిలపడం సాధ్యం కాదు.

అమరావతిలో మరొక శాసనం ఉన్నది. అది వేదికరాయి కాదు, పూర్ణఘటం చెక్కిన పలక. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు, చర్మకారుడు విధికుడు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి ఇచ్చిన దానం. మాటను యథాతథంగా గమనించండి: తోలుపని చేసేవాడు, గురువు కొడుకు. తన వృత్తిని దాచుకోలేదు. దాచుకోవలసిన అవసరం అక్కడ రాలేదు.

ఇప్పుడు దీని పక్కన మనుస్మృతి నాలుగవ అధ్యాయాన్ని పెట్టి చూడండి. ద్విజుడు ఎవరి అన్నం తినరాదో చెప్పే పట్టికలో వడ్రంగి ఉన్నాడు, తోలు కోసేవాడు ఉన్నాడు. కార్లాలో వాకిలి ఇచ్చినవాడు, అమరావతిలో పూర్ణఘటం ఇచ్చినవాడు, ఇద్దరూ ఆ పట్టికలోనివారే. ఒకచోట వారు పెట్టిన ముద్ద పనికిరాదు, మరొకచోట వారు ఇచ్చిన రాయిని దాటి లోపలికి వెళ్ళి అందరూ ప్రదక్షిణ చేశారు. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆ గ్రంథాన్ని ఎందుకు దహింపజేశారో ఈ రెండు శాసనాల ముందు నిలబడినవారికి వివరించనక్కరలేదు.

అయితే ఈ అతుకుకు ఒక లోకువ ఉన్నది. బిగించగలిగిన దానిని విప్పనూ గలము. ఆ సంగతి కట్టినవారికి తెలుసు. సాంచి తోరణాల మీద శాపశాసనాలు ఉన్నాయి. ఈ కాకణావంలోని రాతిపనిని ఎవడు విప్పుతాడో, విప్పిస్తాడో, మరొక ఆచార్యకులానికి తరలిస్తాడో, వాడికి ఘోరపాపాలు చుట్టుకుంటాయని వాటి సారాంశం. కాకణావం సాంచికి పాతపేరు. విప్పుతాడో అన్న మాటను చూడండి. పగలగొట్టడం గురించి కాదు వారి బెంగ, విప్పడం గురించి, తరలించడం గురించి. బయటి శత్రువు కంటె ముందు, తోటి బౌద్ధుల ఇంకొక గురుపరంపర గుర్తుకు రావడం కూడా గమనింపదగినదే. మన సంఘాల నేటి స్థితిని తెలిసినవారు ఇక్కడ చిరునవ్వు నవ్వుకోవచ్చు.

అమరావతిలో ఆ బెంగ నిజమైంది. ఆ వేదికలో 136 స్తంభాలు, 348 సూచులు ఉండేవని పండితుల లెక్క. స్తంభాల మీద, సూచుల మీద తామరపువ్వుల చక్రాలు, ఉష్ణీషం మీద పొడుగునా పూలదండ మోసే మనుషులు. 1797లో కాలిన్ మెకంజీ చూచేనాటికే స్థానిక జమీందారు కొత్త పట్టణం కోసం ఇటుకలు, రాళ్ళు తరలిపోతున్నాయి. ఆ రాయి పల్నాటి సున్నపురాయి. బట్టీలో వేస్తే సున్నం అవుతుంది; ఎన్నో పలకలు అట్లాగే సున్నమయ్యాయి. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి చిత్రాలు వ్రాయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో లండను ఓడ ఎక్కాయి. తరువాతి తవ్వకాలలో దొరికినవి కొన్ని మద్రాసులో, కొన్ని అమరావతిలో నిలిచాయి. ఈనాడు స్తంభం ఒక దేశంలో, దానిలో దూరిన సూచి మరొక దేశంలో ఉండే అవకాశం పూర్తిగా ఉన్నది. భర్హుత్‌లో 1873లో కన్నింగ్‌హామ్ కనుగొనేసరికి చుట్టుపక్కల ఊళ్ళ ఇళ్ళలో వేదిక రాళ్ళు చేరి ఉన్నాయి. మిగిలినవాటిని కలకత్తా మ్యూజియంకు చేర్చారు.

సాంచి కథ వేరు. అక్కడా దక్షిణ, పశ్చిమ తోరణాలు నేలకూలాయి. 1880లలో వాటిని తిరిగి నిలబెట్టారు; 1912 నుంచి జాన్ మార్షల్ మిగిలిన పనిని సాగించాడు. రాళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి, కూసాలూ బెజ్జాలూ ఉన్నాయి. సున్నంతోనో లోహంతోనో అతికిన కట్టడం కూలితే ముక్కలు ఎక్కడివో చెప్పడం కష్టం. కూసంతో కలిపినది కూలితే తన చోటును తానే చెబుతుంది. విప్పదగినదన్న లోకువ, మళ్ళీ కూర్చదగినదన్న బలం, రెండూ ఒకే గుణానికి రెండు ముఖాలు. దానికి కాపలాదారులు ఉన్నారా లేరా అన్నదే తేడా.

కాపలా అంటే ఏమిటో జపానులో చూడవచ్చు. నారా దగ్గర హోర్యూజీ ఐదంతస్తుల పగోడా సుమారు పదమూడు వందల ఏళ్ళుగా కొయ్యతోనే నిలిచి ఉన్నది. అది మరమ్మతు లేకుండా నిలిచిందని అనుకుంటే పొరపాటు. గత శతాబ్దంలో, 1934లో మొదలైన పెద్ద మరమ్మతులో దానిని ముక్కముక్కగా విప్పి, పుచ్చిన చోట మాత్రమే కొత్త కొయ్య అతికి, తిరిగి అమర్చారు. తాత బిగించిన చీలను మనుమడు విప్పగలిగే విద్య అక్కడి దేవాలయ వడ్రంగుల ఇళ్ళలో తెగిపోలేదు. బౌద్ధంతో పాటు ఆ దేశానికి వెళ్ళినవారిలో కొరియా ద్వీపకల్పంలోని బెక్జే రాజ్యపు వడ్రంగులు కూడా ఉన్నారని వారి చరిత్రలు చెబుతాయి. సుత్తం వెంట ఉలి కూడా వెళ్ళింది. మన దేశంలో రెంటినీ వేరుచేశారు: ఉలి పట్టిన చేతికి అక్షరం లేదన్నారు, అక్షరం పట్టిన చేతికి ఉలి తగదన్నారు.

ఇప్పుడు మన ఊళ్ళలో కొత్త విహారాలు లేస్తున్నాయి. సంతోషం. నాగపూర్ దీక్షాభూమిలో, 1956 అక్టోబరు 14న దీక్ష జరిగిన నేలమీద, సాంచి రూపం ఆధునిక సామగ్రితో లేచి నిలిచింది. ఆధునిక సామగ్రితో మాకు పేచీ లేదు. కాని చిన్న విహారాల దగ్గర మేము తరచుగా చూస్తున్నది ఇది: అచ్చుపెట్టెలో కాంక్రీటు పోసి, వేదిక మొత్తాన్ని ఒకే ముద్దగా తీసి, సూచి స్తంభంలో దూరినట్లు పైన ఒక గీత గీస్తారు. అందులో ఏ కమ్మీ దేనిలోనూ దూరలేదు. ద్వారం దగ్గర చలువరాతి పలక మీద పెద్ద దాతల పేర్లు వరుసగా ఉంటాయి. నూట పదహార్లు ఇచ్చిన కూలితల్లి పేరు తదితరులలో కలిసిపోతుంది. సారనాథ్ ఏకశిలలో కనీసం శిల్పి నైపుణ్యం ఉన్నది. ఈ గీతలో అదీ లేదు.

దీనికి మార్గం కష్టమైనదేమీ కాదు. ఇళ్ళస్థలాల చుట్టూ ఈమధ్య కడుతున్న ప్రహరీలను అందరూ చూసే ఉంటారు. గాడి తీసిన సిమెంటు స్తంభాలు పాతి, వాటి మధ్య పలకలను పైనుంచి జారవిడుస్తారు. స్తంభమూ బెజ్జమూ కూసమూ అన్న ఆలోచన అక్కడ స్థిరాస్తి వ్యాపారి చేతిలో బతికి ఉన్నది. అదే పనివారిచేత, నడుము ఎత్తు వేదికకు విడివిడి స్తంభాలు, విడివిడి సూచులు పోయించవచ్చు; రాతిపనివారు దొరికే చోట రాతితోనే చేయించవచ్చు. ఒక్కొక్క సూచి ఒక్కొక్క ఇంటిది. పేరు, తల్లిదండ్రుల పేరు, ఊరు, చేసే పని, పాత శాసనాల పద్ధతిలోనే. పారిశుద్ధ్య కార్మికురాలు అని, తోలుపని అని, గుమాస్తా అని, డాక్టరు అని ఎవరి పని వారు వ్రాయించుకోవాలి. పని పేరు వ్రాయించడానికి మనవారిలో కొందరు వెనుకాడతారని మాకు తెలుసు. వెనుకాడటానికి కారణం ఏమిటో కూడా తెలుసు. విధికుడు వ్రాయించుకున్నాడు గదా అని మాత్రం వారికి చెప్పి చూడవచ్చు.

కూలీ ఖర్చు కొంత పెరుగుతుంది, కొలతలు సరిచూసే మనిషి దగ్గర ఉండాలి, వలయం మొదలుపెట్టే ముందు నేలమీద సున్నంతో మొత్తం గీసుకోవాలి. స్తంభాలన్నీ పాతేసి తరువాత సూచులు దూర్చవచ్చునని మేస్త్రీ అంటాడు. పక్కబెజ్జాల పద్ధతిలో అది కుదరదు; స్తంభం తరువాత సూచి, సూచి తరువాత స్తంభం అన్న క్రమం తప్పకూడదు.

ఇంకొక విన్నపం. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి గదికి వెళ్ళినప్పుడు అందరూ శిల్పం ఉన్న ముఖాన్నే చూచి, ఫొటో తీసుకుని కదిలిపోతారు. స్తంభం పక్కకు వెళ్ళి నిలబడండి. అక్కడ శిల్పం ఉండదు, శాసనం ఉండదు. పైనుంచి కిందికి మూడు బెజ్జాలు ఉంటాయి, పప్పుగింజ ఆకారంలో, లోపల ఉలిదెబ్బలు కనిపించేట్లుగా, ఖాళీగా.